లేఖిని నుంచి కూడలి దాకా: తెలుగు బ్లాగు ఇంట్లోంచి బజారుకి ఎలా వచ్చింది?

అనకాపల్లి నుంచి మళ్లీ నేనే. పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, ఇంట్లో కూర్చుని తెలుగులో బ్లాగు పెట్టొచ్చా? పెడితే ఎవరైనా చూస్తారా?" దీనికి పది టిప్పులు చెప్పే వీడియోలు మీకు బోలెడు దొరుకుతాయి. నేను మాత్రం హిస్టరీలోకి తీసుకెళ్తాను. ఎందుకంటే ఈ ప్రశ్న 2006 ప్రాంతంలోనే మనవాళ్లు అడిగేశారు. జవాబు కూడా వాళ్లే కనిపెట్టారు, అదీ జీతం లేకుండా.

అప్పటికి నేను మూడో తరగతి. కాబట్టి ఇందులో నా గొప్ప ఏమీ లేదు. బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నప్పుడు, ఒక పాత తెలుగు పేజీలో అక్షరాలన్నీ చిందరవందరగా కనిపించాయి. ఎందుకలా అని తవ్వుకుంటూ పోతే ఈ కథంతా బయటపడింది.

ముందు ప్రపంచం సంగతి రెండు ముక్కల్లో. 'బ్లాగ్' అనే పొట్టిపేరు 1999లో పుట్టింది. పైరా ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ అదే ఏడాది బ్లాగర్ మొదలుపెట్టింది, 2003లో దాన్ని గూగుల్ కొనేసింది. వర్డ్‌ప్రెస్ వచ్చింది కూడా 2003లోనే. అంటే ఇంట్లో కంప్యూటరు, నెట్ కనెక్షనూ ఉంటే చాలు, పైసా ఖర్చు లేకుండా ఎవరైనా రాసి ప్రపంచానికి చూపించొచ్చు. ఇంగ్లీషు వాళ్లకి అంతే, పని అయిపోయింది.

మనకి అక్కడే మొదలైంది తంటా. తెలుగు టైపు చెయ్యడం ఎలా?

ఆ రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కరూ ఒక్కో సొంత ఫాంటు వాడేవారు. ఈనాడు చదవాలంటే ఈనాడు ఫాంటు ఉండాలి, ఇంకో పేపరుకి ఇంకో ఫాంటు. లోపల కంప్యూటరు దాచుకున్నది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు గుర్తు. దానిమీద తెలుగు బొమ్మ అతికించారంతే. ఫాంటు లేకపోతే ముసుగు ఊడిపోయి పిచ్చి గీతలు కనపడతాయి. అంతకంటే పెద్ద నష్టం, గూగుల్‌లో 'బెల్లం' అని వెతికితే ఆ పేజీలు దొరకవు. గూగుల్ దృష్టిలో అక్కడ తెలుగే లేదు కదా! నేను చూసిన ఆ చిందరవందర పేజీ కూడా ఇలాంటిదే.

దీనికి మందు యూనికోడ్. ప్రపంచంలో ప్రతి లిపికీ, ప్రతి అక్షరానికీ ఒక నంబరు. తెలుగుకి 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. కానీ చోటు ఉండటం వేరు, మన ఇంటి కంప్యూటర్లో కనిపించడం వేరు. విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటుతోనే వచ్చింది. అయినా ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కుదరాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి ఒక టిక్కు పెట్టాలి, తర్వాత విండోస్ సీడీ లోపలికి తొయ్యాలి. నెట్ సెంటర్లో గంట లెక్కన కూర్చున్నవాడికి ఆ సీడీ ఎవడిస్తాడు చెప్పండి?

ఇక టైపింగ్. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. బరహా ఉంది, ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఇక్కడే మనవాళ్ల తెలివి చూడండి. 1990ల మొదట్లో అమెరికాలో, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ కలిసి తెలుగుని ఇంగ్లీషు కీబోర్డుతో రాసే ఒక పద్ధతి తయారుచేశారు. దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. చిన్న 'టి' కొడితే 'త', పెద్ద 'టి' కొడితే 'ట'. చిన్న 'ఎల్' కొడితే 'ల', పెద్ద 'ఎల్' కొడితే 'ళ'. అనకాపల్లిలో ఆ 'కా' దీర్ఘానికి పెద్ద 'ఏ'. ఇవాళ మీ ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెలుగు పడుతోంది చూశారా, ఆ ఆలోచనకి ఇది పెద్దన్న లాంటిది.

తర్వాత వెన్న నాగార్జున 'పద్మ' తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్‌లో దాన్ని వేసుకుంటే ఆ సొంత ఫాంట్ల పేజీలు అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మారిపోయేవి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలవడం వెనక కూడా ఈయనే ఉన్నారు. ఆ పద్మ ఆధారంగా 2006లో వీవెన్ అనే పేరుతో అందరికీ తెలిసిన ఇంజినీరు 'లేఖిని' పెట్టారు. ఒక వెబ్ పేజీ, అందులో రెండు పెట్టెలు. పై పెట్టెలో ఆర్‌టీఎస్‌లో కొడితే కింది పెట్టెలో తెలుగు పడుతుంది. కాపీ చేసి బ్లాగులో అతికించుకోవడమే. ఇన్‌స్టాల్ లేదు, సీడీ లేదు. చదవడానికి ఆ టిక్కు బాధ తప్పలేదు గానీ, రాయడానికి మాత్రం తలుపు తెరుచుకుంది. ఒక ఇంజినీరుగా చెప్తున్నా, నాకు ఇంతకంటే అందమైన ప్రొడక్టు తెలీదు. రెండే రెండు పెట్టెలు!

సరే, రాశారు. మరి చూసేదెవరు? మీ ప్రశ్నలో రెండో సగం ఇదే.

మా ఊరి బెల్లం మార్కెట్ మీరు చూశారో లేదో. దేశంలోనే పేరున్న యార్డు. రైతులు దిమ్మలు తెచ్చి వరుసగా పేరుస్తారు, కొనేవాళ్లు రంగు చూసి, నాణ్యం చూసి పాడతారు. చిన్న రైతు దిమ్మయినా, పెద్ద రైతు దిమ్మయినా అదే నేల మీద, అందరి కళ్లముందూ ఉంటుంది. రైతు ఇంటింటికీ తిరిగి అమ్ముకోవాల్సిన పని లేదు, యార్డుకి చేరిస్తే చాలు.

తెలుగు బ్లాగులకి అలాంటి యార్డు 'కూడలి'. అదీ వీవెన్ పెట్టిందే. ప్రతి బ్లాగుకీ ఫీడ్ అని ఒకటి ఉంటుంది. కొత్తగా ఏం రాశారో మిషన్లు చదువుకునే చిట్టా అన్నమాట. కూడలి ఆ చిట్టాలన్నీ ఎప్పటికప్పుడు చదివి, కొత్త టపాలని ఒకే పేజీలో పేర్చేది. పోస్టుని 'టపా' అన్నది, కామెంటుని 'వ్యాఖ్య' అన్నది ఆ బ్లాగర్లే. కొత్తది పైన, పాతది కింద. అంతే లెక్క! లైకులు లేవు, మీకేది నచ్చుతుందో మిషనే తేల్చేసే వ్యవహారం లేదు. నిన్న మొదలుపెట్టినవాడి టపా కూడా పది నిమిషాలు పైన నిలబడేది. తర్వాత జల్లెడ, హారం, మాలిక లాంటివి కూడా వచ్చాయి. వీటిని సంకలినులు అనేవారు.

మిగతా ప్రచారమంతా మనిషికీ మనిషికీ మధ్య జరిగిందే. 'తెలుగుబ్లాగు' అనే గూగుల్ గుంపులో కొత్తవాళ్లకి సందేహాలు తీర్చేవారు. మీరు నా టపా కింద వ్యాఖ్య రాస్తే, మర్యాదకి నేనొచ్చి మీది చదువుతాను. బ్లాగు పక్కన నచ్చిన బ్లాగుల లంకెలు పెట్టుకునేవారు. హైదరాబాదులో కృష్ణకాంత్ పార్కులో కలుసుకునేవారు. ఈ-తెలుగు అనే సంస్థగా ఏర్పడి హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టారు. పుస్తకాలు కొనడానికి వచ్చినవాళ్లని ఆపి, "కంప్యూటర్లో తెలుగు రాయొచ్చండీ" అని చూపించేవారట. ఇంట్లో ఉండి రాసే ఆడవాళ్లు చాలామంది వచ్చారు, 'ప్రమదావనం' పేరుతో వాళ్లకో గుంపు కూడా ఉండేది. వంటలు, చిన్నప్పటి ఊరు, సినిమా, రాజకీయం, పద్యాలు, అన్నీ రాశారు. సినిమాకి నవతరంగం, పుస్తకాలకి పుస్తకం.నెట్ లాంటి సైట్లు పుట్టింది కూడా ఆ వాతావరణంలోనే. కొట్లాటలూ తక్కువేం కాదు లెండి. పేరు చెప్పని అజ్ఞాతలు వచ్చి తిట్టిపోతే, వ్యాఖ్యలు మూసేసుకున్న బ్లాగులు బోలెడు.

డబ్బు సంగతి అడుగుతారని తెలుసు. గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో వచ్చింది. కానీ అది సపోర్ట్ చేసే భాషల్లోకి తెలుగు చేరింది 2018లో. పదిహేనేళ్లు! రెండొందల టపాలు రాసినా, అధికారికంగా ఒక్క యాడ్ పెట్టుకునే వీలు లేదు. డబ్బు లేకే అంత మంచి రాతలు వచ్చాయని కొందరు మురిసిపోతారు. నేను ఒప్పుకోను. ఆ పదిహేనేళ్లలో ఏదో కాస్త వచ్చి ఉంటే కొంతమందైనా ఆగకుండా రాసేవాళ్లని నా నమ్మకం. తీరా యాడ్‌సెన్స్ వచ్చేసరికి జనం వేరేచోట ఉన్నారు. అప్పటికే ఫేస్‌బుక్ వచ్చి వ్యాఖ్యల సందడి అంతా లాక్కుపోయింది. ఫీడ్లు చదువుకునే గూగుల్ రీడర్‌ని 2013 జులైలో మూసేశారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకై, చదివేవాళ్లు చూసేవాళ్లయ్యారు. అందులో నా వ్యూయర్స్ కూడా ఉన్నారు కాబట్టి నేను తిట్టకూడదు!

నన్ను బాధపెట్టేది వేరే. ఆ టపాలు ఇప్పుడు ఎక్కడున్నాయి? 2019లో గూగుల్ ప్లస్ మూసినప్పుడు, దాని ద్వారా బ్లాగర్‌లో రాసిన వ్యాఖ్యలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. సొంత డొమైన్ కొనుక్కున్నవాళ్లు ఏటా డబ్బు కట్టడం మానేస్తే, ఆ పేరు ఇంకెవరో కొనుక్కుంటారు. రాసినాయన చనిపోతే పాస్‌వర్డ్ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఒక ఊరి యాస, ఒక ఇంటి వంట, ఒక పెళ్లి తంతు ఒకే ఒక్క టపాలో ఉండి, ఆ పేజీ పోతే ఇక అంతే కదా.

అందుకే చరిత్ర తెలిసినవాడిగా నా సలహా ఇది. బ్లాగు పెట్టండి, ఫోన్లోనే పెట్టొచ్చు. ప్రతి నెలా సెట్టింగ్స్‌లోకి వెళ్లి మొత్తం బ్యాకప్ దించుకోండి. బ్లాగర్‌లోనూ, వర్డ్‌ప్రెస్‌లోనూ ఆ సౌకర్యం ఉంది. ముఖ్యమైన పేజీల లంకెలు ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఇచ్చి సేవ్ చేయించండి, ఫ్రీనే. పాస్‌వర్డ్ ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి. ప్రచారానికి వాట్సాప్, ఇన్‌స్టా వాడుకోండి, కానీ అసలు రాత మీ బ్లాగులో ఉండాలి, వాటిలో లంకె మాత్రమే పెట్టండి. ఇంకోటి, మీలాగే రాసే నలుగురి టపాలు చదివి, నిజంగా చదివినట్టు తెలిసేలా వ్యాఖ్య రాయండి. 2006లో పనిచేసింది, ఇప్పుడూ చేస్తోంది.

మూడు నిమిషాల వీడియోలో అయిపోయేదాన్ని ఇంత పొడుగ్గా టైపు చేసి ఈ సైట్లో పెడుతున్నదీ అందుకే. వీడియోలో నేనన్న మాట వెతికితే దొరకడం కష్టం. ఇక్కడున్న 'బెల్లం' దొరుకుతుంది. మీ ఇంట్లో అమ్మో, నాన్నో, పిన్నో అప్పట్లో బ్లాగు రాసి ఉంటే, ఇప్పుడే అడిగి లంకె నాకు పంపండి. అది ఇంకా తెరుచుకుంటోందో లేదో వచ్చేవారం లైవ్‌లో కలిసి చూద్దాం, తెరుచుకున్నవాటికి బ్యాకప్ ఎలా తియ్యాలో అప్పుడే చేసి చూపిస్తాను.