అజంతా చిత్రాల్లోని నగలు – ఆధునిక ఆభరణాలు

మహారాష్ట్రలోని అజంతా బౌద్ధ గుహల కుడ్యచిత్రాల్లో కనిపించే నగలు నేటి ఆభరణ రూపకర్తలకు తరగని గని. ఈ చిత్రాల్లో ఎక్కువ భాగం క్రీ.శ. 5వ శతాబ్దపు వాకాటక రాజుల కాలానివి. 1వ గుహలోని పద్మపాణి బోధిసత్వుడి మెడలో ముత్యాల హారం, దాని నడుమ నీలిరాయి. ఛాతీ మీదుగా జందెంలా జారే మెలితిప్పిన ముత్యాల పేటలు. ఇంత నిండుగా ఉన్నా బరువుగా అనిపించకపోవడమే ఆ చిత్రకారుల ఘనత. అయితే చిత్రంలో నగ వెనుక భాగం, కొక్కెం కనిపించవు. అవి కంసాలి తేల్చుకోవలసినవి. పద్మపాణి కిరీటాన్ని ఉన్నదున్నట్టు దించడం కన్నా, ఒక్క పేట మెలికను తీసుకుని గొలుసుగా మలచడమే మేలు. రంగులు వెలసిన చోట, హైదరాబాద్ నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖకు నేతృత్వం వహించిన గులాం యజ్దానీ అజంతా చిత్రాల సంపుటాలు అక్కరకొస్తాయి.