రాలిన కొమ్ములు

జగిత్యాలలో మా అమ్మమ్మగారింటి దర్వాజా పైన జత దుప్పి కొమ్ములుండేవి. పట్వారీ తాతయ్య పెద్ద షికారీ అని పిల్లలందరికీ గొప్ప. అమ్మమ్మ మాత్రం నవ్వేది.

"ఆయన కాల్చిందీ లేదు, కూల్చిందీ లేదు బిడ్డా! జన్నారం అడవిల దొరికినయి."

నిజమే! వేటాడి తెచ్చిన కొమ్ములకి పుర్రె ఎముక అంటుకుని వుంటుంది. వీటికి మొదట్లో గరుకు గుండీ తప్ప మరేం లేదు. పోతు దుప్పులకి ఏటా పాత కొమ్ములు రాలి కొత్తవి మొలుస్తాయి కదా!

అయినా మోదుగులు పూశాయంటే తాతయ్యకి నిద్రపట్టేది కాదట. 1911లో పోయిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నాటినుంచీ పులివేట మహా దర్జా. వేసవిలో నీటిగుంటలు ఎండితే అధికార్ల డేరాలు దిగేవి. హాకా కొట్టడం ఊరివాళ్ళ వెట్టి. ఫోటో మాత్రం దొరలది. ఆ మనుషుల్ని పోగుచెయ్యడం తాతయ్య పని. ఈ కొమ్ములు తెచ్చిచ్చిందీ ఓ హాకా మనిషే!

1965లో కవ్వాల్ అభయారణ్యమైంది. 1972 వన్యప్రాణి చట్టంతో షికారు రోజులు చెల్లాయి. ఇవాళ అక్కడ రాలిన కొమ్మునైనా తెచ్చుకోకూడదు.

దండారిలో గోండు గుస్సాడీల నెమలిపింఛాల టోపీకి కొమ్ములు చూసినప్పుడల్లా సిగ్గేస్తుంది. అడవి ఇచ్చినదాన్ని వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. మేం గోడకి కొట్టి, గొప్ప మాదన్నాం.