హైదరాబాదు పోలీసు జట్టు – కాలిబంతి ఆటలో కొన్ని స్మరణీయ ఘట్టములు



మాది వరంగల్లులోని కొత్తవాడ. మగ్గముల చప్పుడుతో తెల్లవారెడి పేట. అచ్చట నేసెడి జంపఖానాలు దూరదేశములకును పోవుచున్నవి. నేను ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు వ్యాకరణమును కావ్యములను చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు కాలిబంతి ఆటనుగూర్చి ప్రసంగింపబూనుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొన్నను సరియే గాని కడవరకు వినుడని ప్రార్థన. ఇది ఆటను గూర్చిన కథయే యైనను, దీనికి మూలపురుషుడు నావంటి బడిపంతులే.

ఆటనే జీవికగా గైకొను పద్ధతి పాశ్చాత్యదేశములలో ముందుగా బయలుదేరినది. 1869లో అమెరికాలోని సిన్సినాటి నగరమువారి బేసుబాలు జట్టు తన ఆటగాండ్రకందరకును బాహాటముగ జీతములిచ్చెను. 1885లో ఇంగ్లండులో కాలిబంతి ఆటకును అట్టి అనుమతి లభించెను. మన దేశమున ఆ కాలమున ఆటకు జీతమిచ్చెడి ఆచారము లేదు. బాగుగ ఆడువానికి సైన్యమునందో, రైల్వేలోనో, పోలీసు శాఖయందో ఒక కొలువు దొరకెడిది. ఆ కొలువే వానికి కూడు, ఆ కొలువే వానికి గౌరవము. హైదరాబాదు నగర పోలీసు జట్టు అట్లు పుట్టినదే. 1939లో ఏర్పడిన ఈ జట్టులో మహమ్మదీయులు, హిందువులు, క్రైస్తవులు ఒకే అంగీ తొడిగి ఆడిరి.

మొదటి ఘట్టము 1943 నాటిది. అప్పుడు ఈ జట్టునకు ఫ్రూవాల్ అను నాతడు శిక్షకుడు. బెంగళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్పు పోటీలో మన జవానులు బ్రిటిషు వైమానికదళము వారి జట్టును గెలిచిరి. యుద్ధకాలమది. పాలించువారి సైనికులు ఒకవైపు, సంస్థానపు పోలీసులు ఒకవైపు. పూర్వము 1911లో మోహన్ బగాన్ జట్టు కలకత్తాలో ఆంగ్ల సైనికపటాలమును ఓడించినప్పుడు వంగదేశ మెట్లుప్పొంగెనో, దక్కనునందును చిన్నపాటిగా అట్టి ఉత్సాహమే కలిగినది.

ఆ 1943లోనే సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియయ్యెను. ఈయన 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, కాచిగూడలోను చాదర్‌ఘాట్‌లోను గల పాఠశాలలలో ఉపాధ్యాయత్వము చేసెను. జనులాయనను రహీం సాహెబు అని గౌరవముగ పిలిచెడివారు. బడిలో అక్షరములు దిద్దించునట్లే ఆయన మైదానమున కాళ్లచేత అక్షరములు దిద్దించెను. కుడికాలు వాటముగలవాడు ఎడమకాలితో మాత్రమే బంతిని తన్నవలెనని నియమముంచి పోటీలు పెట్టించెను. ఒంటిగా బంతిని త్రిప్పుకొని పోరాదు, వెంటనే తోటివానికి అందింపవలెనని నియమముంచి వేరొక పోటీ పెట్టించెను. పొట్టి బాలురు తమ ఈడువారితోనే ఆడునట్లు ఎత్తునుబట్టి పోటీలు నడిపించెను. ఇవన్నియు వినుటకు వింతగా నుండును గాని, తెలుగు చెప్పువాడనగు నాకు వీని మర్మము తెలియును. నోటికి తిరుగని అక్షరమునే పదిమారులు పలికింపవలెను. వచ్చినదానినే మరల మరల చదివించిన పిల్లవాడు ఎదుగడు.

బంతిని అందించుటయన్నది మా పేటవారికి నేను సులభముగ బోధింపగలను. మగ్గముమీద నాడె ఒక చేతినుండి మరియొక చేతికి పోవుచున్నంతవరకే గుడ్డ పెరుగును. నాడెను ఒక్క చేతనే పట్టుకొని కూర్చున్నవాని మగ్గమున పడుగు పడుగుగానే యుండును. రహీం సాహెబు తన జట్టునకు నేర్పిన విద్య యిదియే.

రెండవ ఘట్టము 1950 నాటిది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరినది. అంతకుముందు వెనుకల జరిగిన కల్లోలములు మీలో పెద్దవారి కుటుంబములలో ఇప్పటికిని చెప్పుకొనుచుందురు. మనుష్యునకు మనుష్యునియందు నమ్మకము సడలిన దినములవి. అట్టి సమయమున, రెండేండ్లకే, అన్ని మతములవారు కూడిన ఈ పోలీసు జట్టు రహీము శిక్షణలో బొంబాయికి పోయి రోవర్స్ కప్పును గెలుచుకొని వచ్చినది. ఈ పోటీ 1891లో ఆరంభమైనది. బహుకాలము తెల్లవారి పటాలములే దానిని ఏలుకొన్నవి. ఆ యేడే డ్యూరాండ్ కప్పు పోటీయు జరిగెను. అది 1888లో సిమ్లాలో పుట్టి, రెండవ ప్రపంచయుద్ధముచేత పెక్కేండ్లు నిలిచిపోయి, స్వాతంత్ర్యానంతరము మొదటిసారిగ 1950లో ఢిల్లీలో ఆడబడినది. తుదిపోరాటమున మన ప్రతిపక్షము మోహన్ బగాన్. మొదటినాడు ఇరువురును సమానులైరి. మరల ఆడిననాడు మనవారు ఒక్క గోలు తేడాతో గెలిచిరి. ఒకే యేట దేశములోని రెండు గొప్ప కప్పులును హైదరాబాదు చేరినవి.

మూడవ ఘట్టమును ఒక దినముగ చెప్పుటకు వీలులేదు, అది ఐదేండ్ల పొడవుగలది. 1950 మొదలు 1954 వరకు, ఐదు మారులు వరుసగా, రోవర్స్ కప్పు ఈ జట్టునదే. 2001లో ఆ పోటీ ముగియువరకును ఇట్టి వరుస విజయము మరి యెవ్వరికిని దక్కలేదు. 1954లో డ్యూరాండ్ కప్పును మరల గెలిచిరి. 1957లో రెండును మరల వీరివే. ఈ నడుమ ఓటములును కలవు. 1952లోను 1956లోను డ్యూరాండ్ తుదిపోరాటమున కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టుచేతిలో ఓడిరి. వీరి గొప్పతనమంతయు ఓడిన మరుసటి యేడు మరల మైదానమునకు వచ్చి నిలుచుటయందే యున్నది.

ఈ జట్టు బలము దేశపు జట్టునకును ప్రాకినది. రహీము శిక్షణలో 1951లో ఢిల్లీనగరమున జరిగిన మొదటి ఆసియా క్రీడలలో భారతదేశము స్వర్ణపతకమును పొందినది. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియాచేత పదికి ఒకటిగ చిత్తయినది. మనవారు పెక్కుమంది ఆ చలిదేశమున వట్టికాళ్లతో ఆడిరి. ఆ పరాభవమునకు పిమ్మటనే బూట్లు తప్పనిసరియైనవి. 1956లో మెల్‌బోర్నున మనవారు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే నాలుగు రెండుగా ఓడించి, ఒలింపిక్సులో నాలుగవ స్థానము నందిరి. పోలీసు జట్టువారైన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్‌లును, సికింద్రాబాదు చేరువ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామును ఆ దళమున నుండిరి.

ఈ బలరాముని గూర్చి ఒక మాట. పేదయింటి బాలుడు. సికింద్రాబాదునుండి హైదరాబాదునకు అభ్యాసమునకు రమ్మని రహీము పిలిచినప్పుడు వానికి రాకపోకలకు సొమ్ము లేదు. అద్దె సైకిలునకగు వ్యయమును ఆ గురువే సమకూర్చెనని బలరాము తన ముదిమిలోను కృతజ్ఞతతో చెప్పుకొనెడివాడు. పురాణములోని ద్రోణుడు ఏకలవ్యుని బొటనవ్రేలడిగెను. ఈ గురువు శిష్యునకు సైకిలు బాడుగ ఇచ్చెను. ఆ బలరాము 2023లో దివంగతుడయ్యెను.

నాలుగవ ఘట్టము కన్నీటితో కూడినది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేండ్లకు ఈ జట్టునకు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టను పేరు వచ్చెను. ఆ పేరుతో 1960లో రోవర్స్ కప్పును, 1961లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును గెలిచిరి. 1962 నాటికి రహీము పుప్పుసపు పుట్టకురుపుచే, అనగా ఊపిరితిత్తుల క్యాన్సరుచే, కృశించుచుండెను. అయినను దేశపు జట్టును వెంటగొని జకార్తాకు పోయెను. అచ్చటి జనులు కొన్ని రాజకీయ కారణములచే మనవారిపై కోపించియుండిరి. దక్షిణ కొరియాతో మొదట ఆడినప్పుడు మనవారు ఓడిరి. జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. రక్షణపంక్తిలోని ఆ ధీరుని రహీము ముందుపంక్తికి తెచ్చెను. సెప్టెంబరు 4వ తేదీని తుదిపోరాటమున అదే కొరియాపై పి. కె. బెనర్జీ ఒక గోలును, ఆ జర్నైల్ సింగు ఒక గోలును కొట్టగా, రెండు ఒకటిగా స్వర్ణము మనదైనది. ఆ దళమున మన పోలీసు జట్టు యూసుఫ్ ఖానును కలడు. తొమ్మిది నెలలు తిరిగి 1963 జూన్ 11న రహీము కన్నుమూసెను. ఆ యేడు ఆయన పోలీసు శిష్యులు రోవర్స్ కప్పును మరల గెలిచిరి. గురువునకు తిలోదకములిచ్చినట్లు దానిని నేను భావింతును.

ఆ పిమ్మట దీపము కొడిగట్టినది. మేటి ఆటగాండ్రను కలకత్తా జట్లు ఆకర్షించుకొనెను. బలరామే 1957లో ఈస్ట్ బెంగాల్‌కు పోయెను. వారిని తప్పు పట్టరాదు. కడుపున్నవాడు అన్నమున్నచోటికి పోవును. పోయినవాని స్థానమున మరియొకనిని తయారుచేయు గురువు లేకపోవుటయే అసలు లోటు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీని గెలిచినది. అదియే కడపటి గొప్ప గెలుపు. ఆసియా క్రీడలలో కాలిబంతి స్వర్ణము 1962 తరువాత భారతదేశమునకు మరల రాలేదు. రహీము కథను 2024లో హిందీలో చలనచిత్రముగ తీసినందున జకార్తా మాట నేటి పిల్లలు కొందరు విన్నారు. ఆ జకార్తాకు బాట వేసిన పోలీసు జట్టు పేరెత్తువారు మాత్రము అరుదు.

ఇక నా తప్పును నేను ఒప్పుకొనవలెను. నేను ఉపాధ్యాయుడనై యుండగా, పరీక్షలు సమీపించినప్పుడెల్ల పిల్లల ఆటల గంటను వ్యాకరణమునకు తీసికొనెడివాడను. ఒక బాలుడు, నేతవారి పిల్లవాడు, బంతిని పాదమున అంటుకొన్నట్లు నడిపించెడివాడు. సంధులు రావని వానిని తరచు నిలువబెట్టితిని. వాడు తొమ్మిదవ తరగతిలో బడి మానెను. వానికి సంధులు రాకపోవుట వాని లోపము కావచ్చును. వానికి వచ్చిన విద్యను నేను విద్యగా గుర్తింపకపోవుట మాత్రము నా లోపమే. రహీము చరిత్రను ముదిమిలో తెలిసికొన్నప్పుడు మొదట జ్ఞప్తికి వచ్చినది ఆ పిల్లవాని ముఖము.

కావున గ్రామములలోని పెద్దలకు నాదొక విన్నపము. మీ ఊరి బడిచెంత బాలురాడుకొను నేల కొంత మిగిలియుండును. ఏదో కట్టడమునకనియో, మరియొక అవసరమునకనియో ఆ నేలను అడుగ వచ్చువారు రేపు మీ అరుగుమీదనే కూర్చుందురు, మీ సమ్మతినే కోరుదురు. అప్పుడు ఈ పోలీసు జవానులను, ఆ బడిపంతులును ఒక్కమారు తలచుకొనుడు. వారికి కప్పులు బొంబాయిలోను ఢిల్లీలోను దొరికినవి గాని, ఆట మాత్రము ఇంటిప్రక్క ఖాళీనేలమీదనే పట్టువడినది. ఆ నేల పోయినచో ఎంతటి గురువు వచ్చినను నిలువ చోటుండదు.

సెలవు.