జాతీయ ఫుట్‌బాల్ లీగ్: ముప్ఫై ఏళ్లలో మూడు ఆరంభాలు

మన దేశంలో ఫుట్‌బాల్ పోటీలు పాతవే. డ్యూరాండ్ కప్ 1888లో సిమ్లాలో మొదలైంది, కలకత్తా లీగ్ 1898లో. దేశం నలుమూలల క్లబ్బులు నెలల తరబడి తలపడే జాతీయ లీగ్ రావడానికి మాత్రం 1996 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ లోగా ఒక మహత్తర తరం వచ్చి వెళ్లిపోయింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం సాధించింది. అంతటి ఆటగాళ్లలో చాలామందికి తిండి పెట్టింది పోలీసు శాఖ, రైల్వే, మిల్లు ఉద్యోగాలే. శాఖకు ఆసక్తి ఉన్నన్నాళ్లే జట్టు. తర్వాత ఎన్ని లీగ్‌లు వచ్చినా ఈ పరాధీనత పోలేదని, మన లీగ్ కష్టాలకు అసలు మూలం ఇదేనని నా వాదన.

1996లో ఫిలిప్స్ సంస్థ స్పాన్సర్‌గా మొదలైన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో తొలి విజేత పంజాబ్‌లోని ఫగ్వారాకు చెందిన జేసీటీ మిల్స్ జట్టు. ఆ సీజన్‌లో 14 గోల్స్‌తో బైచుంగ్ భూటియా అందరికన్నా ముందున్నాడు. 2007లో లీగ్ పేరు ఐ-లీగ్ అయింది. కానీ పేరుతో పాటు పునాది మారలేదు. 2005–06లో ఛాంపియన్ అయిన మహీంద్రా యునైటెడ్‌ను 2010లో యాజమాన్యం ఎత్తేసింది. మరుసటి ఏడాది జేసీటీ కూడా మూతపడింది. జాతీయ ఛాంపియన్లుగా నిలిచిన రెండు జట్లు మైదానంలో ఓడి కనుమరుగు కాలేదు. వాటిని నడిపిన కంపెనీలు ఇక చాలనుకున్నాయి, అంతే.

2010 డిసెంబరులో అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ తన వాణిజ్య హక్కులను 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయలకు ఐఎంజీ-రిలయన్స్‌కు అప్పగించింది. ఆ ఒప్పందం నుంచే 2014 అక్టోబరులో ఎనిమిది కొత్త జట్లతో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) పుట్టింది. పాత లీగ్ ఓ పక్క, మెరుపుల లీగ్ ఓ పక్క నడిచాయి. పాత లీగ్‌ను రెండో మెట్టుకు దించే ప్రణాళికను నిరసిస్తూ గోవా క్లబ్బులు డెంపో, సల్గావ్‌కర్, స్పోర్టింగ్ గోవా 2016లో దాన్నుంచి తప్పుకున్నాయి. అంతకుముందు సీజన్‌లో కింది డివిజన్‌కు పడిపోయిన మిజోరం క్లబ్బు ఐజ్వాల్ ఎఫ్‌సీకి దాంతో మళ్లీ చోటు దొరికింది. 2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో ఆఖరి మ్యాచ్. టైటిల్‌కు ఐజ్వాల్‌కు ఒక్క పాయింట్ చాలు. ఆతిథ్య జట్టు షిల్లాంగ్ లజాంగ్ ముందుగా గోల్ కొట్టింది. రెండో సగంలో ఐజ్వాల్ ఆటగాడు విలియం లాల్నున్‌ఫెలా స్కోరు సమం చేశాడు. 1–1తో మిజోరం జట్టు దేశ విజేత అయింది. మన లీగ్ చరిత్రలో ఇంతకన్నా విలువైన ఫలితం నాకు కనిపించదు. ఊరి నుంచి ఎదిగిన క్లబ్బుకు తలుపు తెరిస్తే ఏమవుతుందో అది చూపింది. రెండేళ్లకే, 2019లో, దేశ అగ్రశ్రేణి లీగ్ హోదా ఐఎస్‌ఎల్‌కు దక్కింది.

ఐఎస్‌ఎల్ డబ్బు తెచ్చింది, మైదానాలు బాగుపడ్డాయి, కొచ్చిలో గ్యాలరీలు నిండాయి, ఆటగాళ్ల జీతాలు పెరిగాయి అంటారు. అన్నీ నిజమే, వాటిని కాదనడం అన్యాయం. పెట్టుబడి పెట్టిన యజమానికి కొన్నేళ్లపాటు కిందికి పడే భయం ఉండకూడదన్న వాదనలోనూ బలముంది. జపాన్ జే-లీగ్ కూడా 1993లో పది క్లబ్బులతో అలాగే మొదలైంది. అయితే అక్కడ క్లబ్బు పేరులో కంపెనీ కన్నా ఊరికే పెద్దపీట వేశారు, ఆరేళ్లకే రెండో డివిజన్ పెట్టి ఎగబాకడం, పడిపోవడం ప్రవేశపెట్టారు. మన ఐఎస్‌ఎల్‌లో కింది నుంచి పైకి దారి తెరుచుకున్నది 2023లో, పంజాబ్ ఎఫ్‌సీతో. పైనుంచి కిందికి పడే నియమం 2024–25 సీజన్ ముగిసే దాకా అమలు కాలేదు.

దీని మూల్యం హైదరాబాద్ చెల్లించింది. మూతపడిన పుణె సిటీ స్థానంలో 2019లో వచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌పై ఐఎస్‌ఎల్ టైటిల్ గెలిచింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు కిక్కులు ఆపాడు. రెండేళ్లు తిరగకముందే జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023–24లో ఒకే ఒక్క విజయంతో జట్టు అట్టడుగున నిలిచింది. 2025లో ఢిల్లీకి తరలిపోయింది. పడిపోయే నియమం ఉంటే అది రెండో డివిజన్‌లో ఆడేది, కానీ హైదరాబాద్ క్లబ్బుగా మిగిలే అవకాశం ఉండేది. అదే ఏడాది జులైలో, రిలయన్స్‌తో కుదిరిన 15 ఏళ్ల ఒప్పందం గడువు డిసెంబరులో ముగియనుండగా, ఐఎస్‌ఎల్ కొత్త సీజన్‌ను నిలిపేశారు. నవంబరులో హక్కుల టెండరుకు ఒక్క బిడ్ కూడా రాలేదు. ఇకపై ఏ సంస్థతో ఒప్పందం రాసుకున్నా ప్రసార హక్కుల ధరకన్నా ముందు తేలాల్సినవి రెండున్నాయి: కిందికి పడే నియమం ఏ ఏడాది నుంచి అమలవుతుంది, జట్టును ఊరు దాటించే హక్కు యజమానికి ఉంటుందా ఉండదా.