ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాల్లో శబ్దం, బిగుసుకుపోవడం: లోప నిర్ధారణ

ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనంలో ఇంజిన్ శక్తి గేర్‌బాక్సు నుంచి ట్రాన్స్‌ఫర్ కేసుకు వస్తుంది. అక్కడ రెండుగా చీలి, రెండు ప్రొపెల్లర్ షాఫ్టుల ద్వారా ముందు, వెనుక డిఫరెన్షియళ్లకు, వాటి నుంచి నాలుగు చక్రాలకు చేరుతుంది. ఈ దారిలో ఏ భాగం అరిగినా శబ్దం వస్తుంది. ముందు, వెనుక చక్రాల వేగాలు పొసగకపోతే బండి పట్టేసినట్టు బిగుస్తుంది. ఈ బిగుసుకుపోవడం చాలాసార్లు లోపం కాదు, నడిపిన చోటు తప్పు. అందువల్ల బండి ఏ నేల మీద, ఏ లివర్ స్థానంలో, మలుపులోనా తిన్నగానా ఇబ్బంది పెట్టిందో తెలుసుకోవడంతోనే నిర్ధారణ మొదలవుతుంది.

ప్రాంతీయ నేపథ్యం

హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా వెళ్తుంది. మిర్యాలగూడ నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మీద ఉంది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాల్లో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి విస్తారంగా సాగవుతుంది. ఇక్కడ ఫోర్‌వీల్ డ్రైవ్ అంటే జీపు, థార్ వంటివే కాదు, దమ్ము చేసే ట్రాక్టరు కూడా. బురద మడిలో నాలుగు చక్రాలూ లాగాల్సిన బండే తారురోడ్డెక్కి మిర్యాలగూడ రైస్ మిల్లులకు ధాన్యం ట్రాలీని లాగుతుంది. బురద నుంచి తారుకు మారినప్పుడు ముందు డ్రైవ్ తీసేయకపోవడం వల్లే చాలా సమస్యలు మొదలవుతాయి.

బిగుసుకుపోవడానికి కారణం

మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకన్నా పెద్ద వలయంలో తిరుగుతాయి. 2020 నాటి మహీంద్రా థార్ వీల్‌బేస్ 2.45 మీటర్లు. వెనుక ఇరుసు మధ్య భాగం 5 మీటర్ల వ్యాసార్ధంతో ఒక చుట్టు తిరిగితే 31.4 మీటర్లు నడుస్తుంది. అదే చుట్టులో ముందు ఇరుసు నడిచేది సుమారు 35 మీటర్లు. తేడా 3.6 మీటర్లు. చక్రం చుట్టుకొలత 2.4 మీటర్లు అనుకుంటే చక్రానికి ఒకటిన్నర చుట్లు. డిఫరెన్షియల్ నిష్పత్తి నాలుగైతే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ఆరు చుట్లు అదనంగా తిరగాలి.

పార్ట్‌టైమ్ పద్ధతిలో ఫోర్ హై, ఫోర్ లో స్థానాల్లో రెండు షాఫ్టులూ కలిసి లాక్ అయి ఉంటాయి కాబట్టి అది కుదరదు. బురదలో టైర్లు జారి ఆ తేడాను సర్దుకుంటాయి. పొడి తారు మీద జారవు. దాంతో షాఫ్టులు మెలిపడి స్టీరింగు బరువెక్కుతుంది, టైర్లు కీచుమంటాయి, బండి ఎగిరెగిరి పడుతుంది, లివర్ ఫోర్ హై నుంచి బయటికి రాదు. అప్పుడు లివర్‌ను బలంగా కొట్టకూడదు. స్టీరింగు తిన్నగా పెట్టి కొన్ని మీటర్లు వెనక్కి నడిపితే మెలి విడిపోతుంది.

తిన్నటి రోడ్డు మీదా బిగుస్తుంటే టైర్లు చూడాలి. ముందు కొత్తవి, వెనుక అరిగినవి ఉండి, వ్యాసార్ధంలో 5 మిల్లీమీటర్ల తేడా ఉంటే లెక్క ప్రకారం కిలోమీటరుకు దాదాపు 13 మీటర్లు తేడా వస్తుంది. గాలి ఒత్తిడి తేడా కూడా ఇదే పని చేస్తుంది.

ట్రాక్టరులో ముందు చక్రాలు చిన్నవి. అవి బండిని ముందుకు లాగేలా, వాటి అంచు వేగాన్ని వెనుక చక్రాలకన్నా సాధారణంగా 1 నుంచి 5 శాతం ఎక్కువ ఉంచుతారు. ఒక జత టైర్లనే వేరే సైజుకు మారిస్తే ఈ పొత్తు చెడుతుంది. ముందు డ్రైవ్ వేసుకుని తారు మీద తిరిగితే ముందు టైర్ల గుబ్బలు త్వరగా అరుగుతాయి.

టూ హైకి (రెండు చక్రాల డ్రైవ్‌కు) మార్చాక కూడా బండి పట్టేస్తుంటే అది నిజమైన లోపం. ట్రాన్స్‌ఫర్ కేసులో షిఫ్ట్ ఫోర్కు కదలకపోవడం, ముందు హబ్ విడకపోవడం, బ్రేకు పట్టి ఉండటం వంటివి కారణాలు. కొంతదూరం నడిపాక ఒక చక్రం డ్రమ్ము మాత్రమే బాగా వేడెక్కితే బ్రేకునే అనుమానించాలి.

శబ్దాన్ని బట్టి గుర్తింపు

రివర్సు నుంచి ముందుకు తీసినప్పుడు ఒక్కసారి ‘ఠక్’మంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల్లోనో (యూనివర్సల్ జాయింట్లు), స్ప్లైన్లలోనో, డిఫరెన్షియల్ పళ్ల మధ్యనో ప్లే వచ్చిందని అర్థం. నెమ్మదిగా పోతున్నప్పుడు కిచకిచమంటే క్రాసులో గ్రీజు ఎండిపోయి ఉండొచ్చు. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు ‘టకటక’ వస్తే ముందు యాక్సిల్ బయటి జాయింటు అరిగినట్టు. దాని రబ్బరు బూటు చిరిగిందేమో చూడాలి.

ఏకధాటిగా వచ్చే మోత చక్రం బేరింగుది కావచ్చు. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది, అప్పుడు మోత పెరిగితే అనుమానం కుడి బేరింగు మీదే. రోడ్డు రకం మారగానే మోత మారితే అది టైరుది. ఆక్సిలరేటరు తొక్కినప్పుడో వదిలినప్పుడో మాత్రమే వచ్చే కూత డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్లది. ఫోర్ హైలో మాత్రమే వినిపించే శబ్దానికి మూలం ముందు డిఫరెన్షియల్, ముందు షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేసు గొలుసుల్లో వెతకాలి.

శబ్దం ఎంత వేగంగా మళ్లీ మళ్లీ వస్తుందన్నదీ ఆధారమే. పై లెక్కలోని బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతే చక్రం సెకనుకు సుమారు 7 చుట్లు, ప్రొపెల్లర్ షాఫ్టు 28 చుట్లు తిరుగుతాయి. విడివిడిగా వినిపించేంత నెమ్మదిగా వచ్చే దెబ్బ చక్రం వైపుది. బండి లోపలి నేలంతా వణికించే అదురు షాఫ్టుది.

పరీక్ష

కదులుతున్న బండిని న్యూట్రల్ చేసినా శబ్దం ఆగకపోతే మూలం గేర్‌బాక్సు తర్వాత ఉంది. బ్రేకు, స్టీరింగు పనిచేయాలి కాబట్టి ఇంజిన్ ఆపకూడదు. తర్వాత బండిని సమతల నేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, షాఫ్టును చేత్తో అటూఇటూ తిప్పాలి. క్రాసు కప్పుకు, యోకుకు మధ్య వేలు పెడితే కదలిక తెలుస్తుంది. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉంటే గేరులో పెట్టినా బండి నిలవదు, అందుకే చక్రాలకు అడ్డు తప్పనిసరి. ఫోర్ హైలో ఒక్క చక్రాన్నే జాకీ మీద లేపి ఇంజిన్‌తో తిప్పితే నేల మీది చక్రాలు బండిని జాకీ మీంచి నెట్టేస్తాయి.

నూనె, మరమ్మతు

డ్రెయిన్ బోల్టు తీసి నూనె చూడటం చవకైన పరీక్ష. పాలలా తెల్లబడితే నీరు చేరింది. దమ్ములో తిరిగే ట్రాక్టరులో ముందు ఇరుసు సీళ్ల చుట్టూ గడ్డి చుట్టుకుని వాటిని కోయడం ఇందుకు ఒక కారణం. బోల్టు అయస్కాంతానికి సన్నని పొడి అంటడం మామూలే. పళ్ల ముక్కలు కనిపిస్తే విప్పాల్సిందే. హైపాయిడ్ క్రౌన్, పినియన్లకు జీఎల్-5 నూనె కావాలి. గొలుసు ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసుల్లో చాలావాటికి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ నూనె వాడతారు. దేనికేది పోయాలన్నది మాన్యువల్ చూసి తేల్చుకోవాలి.

షాఫ్టు విప్పేముందు యోకుల మీద గుర్తు పెట్టాలి. కోణంలో తిరిగే క్రాసు ఒక్క చుట్టులో రెండుసార్లు వేగం మారుస్తుంది. రెండు చివరల యోకులు ఒకే వరుసలో ఉంటేనే ఆ మార్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఒక పన్ను తేడాగా బిగించినా, కొత్త క్రాసులు వేసిన బండి పాతదానికన్నా ఎక్కువ అదురుతుంది.