బొబ్బిలి ఓటు, జెనీవా ఒప్పందం

1937 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో బొబ్బిలి రాజా సొంతగడ్డ మీదే ఓడిపోయారు. ప్రెసిడెన్సీ ప్రధానిగా ఏలిన ఆ జమీందారును ఓడించింది రైల్వే కార్మికుల నాయకుడు వరాహగిరి వెంకటగిరి. 1952లో ఆయన్నే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం తొలి లోక్‌సభకు పంపింది. నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ ఆయనకే దక్కింది.

బరంపురంలో పుట్టిన గిరి, మన విజయనగరం, పలాసల మీదుగా సాగిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులకు సంఘం కట్టారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు.

ఆ సభ తీరే వేరు. ఒక్కో దేశం నుంచి ప్రభుత్వం తరఫున ఇద్దరు, యజమానుల తరఫున ఒకరు, కార్మికుల తరఫున ఒకరు వస్తారు. ఎవరి ఓటు వారిదే. అప్పట్లో బ్రిటిష్ సర్కారు ఒకవైపు నిలిచినా, మన కార్మిక ప్రతినిధి ఎదురు ఓటు వేయగలిగేవారు. మూడింట రెండొంతుల ఓట్లు పడితేనే సభ ముందుకొచ్చిన కార్మిక ఒప్పందం నెగ్గుతుంది.

నెగ్గినంత మాత్రాన పని పూర్తి కాదు. ఏడాదిలోగా, మహా అయితే పద్దెనిమిది నెలల్లోగా, ప్రతి దేశమూ దాన్ని చట్టం చేసే అధికారం ఉన్నవారి ముందు పెట్టాలి. 1919 నాటి పనిగంటల ఒప్పందం సాధారణంగా వారానికి 48 గంటలని చెప్పి, భారతదేశానికి 60 గంటల సడలింపు ఇచ్చింది. ఆ 60 గంటలైనా మన కార్మికుడికి హక్కుగా దక్కింది 1922 ఫ్యాక్టరీల చట్టంతోనే.

మన రాజ్యాంగంలోని 253వ అధికరణ కూడా ఇదే చెబుతుంది. సంతకం ప్రభుత్వానిది, ఒప్పందాన్ని అమలు చేసే చట్టం పార్లమెంటుది. గిరి ఈ రెండు చోట్లా కూర్చున్నారు: జెనీవాలో కార్మికుల గొంతుగా, ఢిల్లీలో ప్రజాప్రతినిధిగా. కార్మికులు, యజమానులు ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకుని తేల్చుకోవాలన్నది మంత్రిగా ఆయన పట్టుదల. 1954లో బ్యాంకు ఉద్యోగుల వివాదంలో వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు పదవినే వదులుకున్నారు.

అంతర్జాతీయ కార్మిక మహాసభ నుంచి సంఘం పెట్టుకునే స్వేచ్ఛకు 1948లో 87వ ఒప్పందం, ఉమ్మడిగా బేరమాడే హక్కుకు 1949లో 98వ ఒప్పందం వచ్చాయి. గిరి జీవితమంతా పోరాడింది ఆ హక్కుల కోసమే. ఆ రెండింటినీ భారతదేశం నేటికీ ఆమోదించలేదు. ఓటు అడగడానికి వచ్చే ప్రతి ఎంపీ అభ్యర్థినీ దీనిపై మీ మాటేమిటని ఉత్తరాంధ్ర ఓటరు నిలదీయాలి.