లాటిను సంకేతాక్షరములు – శాసనపరిశోధన

లాఘవము శాస్త్రకారుల కభిమతము. పాణిని అచ్, హల్ మున్నగు ప్రత్యాహారములచే వర్ణసమూహముల నొక్కొక్క చిన్న సంజ్ఞలో నిమిడ్చెను. శాసనలేఖకులు శుక్లపక్షదినమును “శు ది” యని చెక్కిరి. నిఘంటుకారులు విశేష్యమునకు “వి.” అనియు, విశేషణమునకు “విణ.” అనియు వ్రాసిరి. సంకేత మెంత చిన్నదైనను దాని యర్థము నియతమై యుండవలయును. లాటిను సంకేతములకును ఈ నియమమే వర్తించును.

రోమునగరమున సిసిరో యను వక్తకు లేఖకుఁడైన టైరో క్రీ.పూ. 1వ శతాబ్దిలో సంక్షిప్తలిపిని గల్పించెనని ప్రసిద్ధి. చర్మపత్రములు వ్యయసాధ్యములగుటచే మధ్యయుగపు మఠలేఖకులు సంక్షేపములను మిక్కిలి పెంచిరి. ముద్రణము వచ్చిన పిదప అందుఁ గొన్ని ఆంగ్లగ్రంథములలో నిలిచినవి. ఆంధ్రవిశ్వవిద్యాలయము 1926లో బెజవాడయందు స్థాపితమై 1930లో వాల్తేరు చేరినది. ఆంగ్లమున సాగిన శాసనచర్చలను జదువు తెలుఁగు పండితులకు వీని పరిచయ మావశ్యకమైనది.

“ఐ.ఇ.” యనఁగా ఇద్ ఎస్త్, “అది యేమనఁగా” నని యర్థము. “ఇ.జి.” యనఁగా ఎక్సెంప్లి గ్రాతియా, “ఉదాహరణార్థము” అని భావము. “విశాఖమండలక్షేత్రములు, ఇ.జి. సింహాచలము” అన్నచో సింహాచల మనేకములలో నొకటి. అచ్చట “ఐ.ఇ.” వ్రాసినచో తక్కిన క్షేత్రములు లేనట్లే యగును.

“ఎట్ సెటెరా” యనఁగా “తక్కినవియును”. ఇది స్వరాదివంటి యాకృతిగణమునకు సూచకము. సర్వాదివలెఁ బఠితమైన గణమునకుఁ దగదు. “ఎట్” అనుటలోనే సముచ్చయ మున్నది గావున, దానిముందు మరల “అండ్” చేర్చుట పునరుక్తి. “ఇత్యాదులు మొదలైనవి” యను తెలుఁగు ప్రయోగమును నిట్టిదే. మనుష్యులను జెప్పునపుడు “ఎట్ ఆల్.” అనవలయును.

“విజ్.” అను సంకేతము విడెలికెట్ అను పదమునకుఁ గలిగినది; పూర్వోక్తమును బేర్కొని వివరించుటకుఁ జెల్లును. ఇందలి తుదియక్షరము నిజమున వర్ణము కాదు, సంక్షేపచిహ్నము. విశాఖపట్టణపు ఆంగ్లనామమున మొదటి మూఁడక్షరములు నివియే యైనను, రెంటికిని సంబంధము లేదు.

పరిశోధకులు మిగుల జాగరూకులై యుండవలసినది “సి.” విషయమున. ఇది సిర్కా, అనఁగా “సుమారు”. సింహాచలమునఁ గృష్ణదేవరాయల శాసన మొకటి శకవర్షము 1438 గలది. దానికి 78 కూర్పఁగా క్రీ.శ. 1516 సిద్ధించును. ఇట్టి నిశ్చితకాలమునకు ముందు “సి.” వ్రాయుట నిష్కారణముగ సందేహముఁ బుట్టించుట. లిపినిబట్టి యూహించిన కాలమునకు “సి.” విడుచుట యంతకంటె హానికరము. ఊహ ప్రమాణమగును, తరువాతివారు దానిపై రాజవంశక్రమమునే నిర్మింతురు. “సి.ఎఫ్.” కూడ నిట్టిదే. కాన్ఫెర్ అనఁగా “పోల్చుఁడు”, “చూడుఁడు” కాదు. పోలికకై చూపిన గ్రంథమును బ్రమాణముగ గ్రహించుట దోషము.

తెలుఁగు వ్యాసమున అనఁగా, ఉదా., సుమారు, పోల్చుఁడు అను మాటలే చాలును. కాని పరభాషాగ్రంథమునుండి కాలమునో ప్రమాణమునో గ్రహించువారు దాని సంకేతము నర్థముతోఁ గూడ గ్రహింపవలయును. ఒక్క యక్షరము విడిచినను శాసనకాలము మాఱును. కాలము మాఱినఁ జరిత్రయే మాఱును.